అతుకుల పడవ

ఏ రాజు ఏలుబడిలోనో గానీ, అతుకులు వేసిన పడవలన్నీ తగలబెట్టి, కోట వడ్రంగులు చేసిన కొత్తవే నడపాలని చాటింపు వేశారు. పడవవాడు అప్పన్న వద్దు మొర్రో అంటున్నా, రేవు అధికారి భుజంగపతి అతన్ని కొత్త పడవ ఎక్కించాడు. నడి ఏట్లో అది పగిలింది. అప్పన్న శవం కూడా దొరకలేదు.

నెల తిరక్కుండానే అప్పన్న పాత పడవను కాల్చడానికి భుజంగపతి కాగడాతో దిగాడు. అప్పన్న భార్య పైడితల్లికి ఇక కూడు పెట్టేది ఆ పడవొక్కటే. అవతలి గట్టున కోట నుంచి భుజంగపతి పొద్దున గుర్రం మీద దాటొచ్చిన ఏరు ఈలోగా వానకు పొంగింది.

"కాల్చండి బాబూ," అంది పైడితల్లి. "కాల్చాక మిమ్మల్ని కోట వడ్రంగులు చేసిన ఇంకో కొత్త పడవలో కోటకు చేరుస్తాను."

భుజంగపతి కొత్త పడవను చూశాడు, సుడులను చూశాడు. "ముందు నీ పడవ తియ్యవే. కాల్చే సంగతి తర్వాత."

"ఇది కాల్చక్కర్లేదని రేవులో అందరూ వినేలా చెప్పండి. తీస్తాను."

ఏరు ఇంకా పెరిగింది. చెప్పక తప్పలేదు.

నడి ఏట్లో పడవ ఊగిసలాడితే భుజంగపతి "ఈ అతుకు ఊడదు కదా?" అన్నాడు.

"ఊడదు బాబూ," అంది పైడితల్లి. "మీరు చంపిన మనిషి వేసిన అతుకది."