పాశం గుండిగ అసిరమ్మ

ఊ కొట్టేవాళ్ళుంటేనే చెప్తాను. మధ్యలో లేచిపోయేవాళ్ళు ఇప్పుడే లేచిపోండి.

అనగనగా ఒక కొండ. ఆ కొండ కింద గరుగుమెట్ట అని ఒక ఊరు. రేడియో ఊరికొక్కటే ఉన్న కాలం అది. ఆ ఊళ్ళో అరవై గడపలు. అరవై గడపలకీ కలిపి ఒకటే వంట గుండిగ. ఎంత గుండిగనుకున్నారు? మీలాంటి వాళ్ళు నలుగురు అందులో దిగి దాక్కోవచ్చు. ఎప్పుడో పూర్వం ఇంటికో చిల్లు చెంబో, చీలిన పళ్ళెమో ఇస్తే, ఆ ఇత్తడంతా కరిగించి పోసిన గుండిగ. అందుకని అది ఎవరి సొత్తూ కాదు, ఊరి సొత్తు.

ఆ గుండిగని చూసుకునే మనిషి అసిరమ్మ. ముందూ వెనకా ఎవరూ లేనిది. ఊరి చివర తాటాకు పాకలో ఉండేది. పెళ్ళయినా, చావయినా, పండగైనా గుండిగ ఆ పాక నుంచే కదలాలి. తిరిగొచ్చాక చింతపండూ బూడిదా వేసి మెరిసేలా తోమి బోర్లించేది. ఇంత ఇమ్మని ఏనాడూ అడగలేదు. అయితే గుండిగని ఖాళీగా తిరిగివ్వకూడదని ఊరి కట్టు. అడుగున కుంచెడు బియ్యం పోసి తెచ్చేవారు. ఆ బియ్యమే ఆమె బతుకు.

ఇంకో కట్టు కూడా ఉంది. వానలు మొహం చాటేసిన ఏడు ఆ గుండిగలోనే వరదపాశం వండాలి. పాశమంటే పాయసమే. ఇంటికి దోసెడు గింజలు పోగుచేసి, బెల్లం వేసి పాశం కాచి, కొండ మీద పాశంరాయి కడిగి ఆ రాయి మీదే పోస్తారు. చిన్నా పెద్దా అందరూ మోకాళ్ళ మీద వంగి, చేతులు వెనక్కి కట్టించుకుని, నాలుకతో నాకి తినాలి. అంతలా వంగితేగాని వానదేవుడికి జాలి పుట్టదట. అరవై గడపల్లో ఒక్క గడప గింజలు తప్పినా పొయ్యి వెలిగించకూడదు.

అలా ఉండగా ఊళ్ళోకి ఢిల్లీ పార్టీలు వచ్చాయి. ఢిల్లీ ఏ దిక్కునుందో గరుగుమెట్టలో ఒక్కరికీ తెలీదు. అయినా వచ్చాయి. ముందు ఒక జీపు వచ్చి సన్యాసినాయుడి అరుగు పక్కన నిచ్చెన గుర్తు జెండా పాతిపోయింది. వారం తిరక్కుండా ఇంకో జీపు వచ్చి తవిటినాయుడి అరుగు పక్కన గంప గుర్తు జెండా పాతిపోయింది. ఇద్దరూ స్వయానా బావా బావమరుదులు. తవిటినాయుడి అక్కనే సన్యాసినాయుడు చేసుకున్నాడు. ముందురోజు దాకా ఒకే చుట్ట చెరో దమ్మూ లాగినవాళ్ళు. జెండాలు లేచాక పచ్చగడ్డి వేస్తే భగ్గుమంది.

ముప్పై గడపలు నిచ్చెన వైపు వెళ్ళాయి. ఇరవై తొమ్మిది గంప వైపు వెళ్ళాయి. మిగిలిన గడప అసిరమ్మది. నువ్వెటు అని ఆమెను ఎవరూ అడగలేదు.

మొదట మంగలి దగ్గర వంతులు వేరయ్యాయి. తర్వాత బావి దగ్గర గిలకలు వేరయ్యాయి. ఆ తర్వాత చెక్కభజన ఆగిపోయింది. ఢిల్లీలో ఎవరో ఎవరినో ఏదో అన్నారని రేడియోలో వచ్చింది మరి! అక్కడ వాళ్ళు తిట్టుకుని కలిసి కాఫీ తాగేవుంటారు. ఇక్కడ మాత్రం భజన తాళాలు మూలపడ్డాయి.

చివరికి గుండిగ వంతొచ్చింది. గంప వాళ్ళు వండినదాంట్లో మేం వండమని నిచ్చెన వాళ్ళన్నారు. నిచ్చెన వాళ్ళ ఎంగిలి మాకొద్దని గంప వాళ్ళన్నారు. ఎవరి వంటపాత్రలు వాళ్ళు పట్నం నుంచి తెచ్చుకోసాగారు. ఏడాది పొడుగునా గుండిగ బోర్లించిన చోటే ఉంది. అసిరమ్మ మాత్రం వారం వారం తోమడం మానలేదు. తోమీ తోమీ గంజి తాగి పడుకునేది. ఆ గంజిలో మెతుకులు రోజురోజుకీ తగ్గిపోయాయి.

ఆ ఏడు వాన కూడా ముఖం చూపించలేదు. ఆషాఢం పోయింది, శ్రావణం వచ్చింది. నారు పోసిన ఆకుమడులు ఎర్రబడ్డాయి. నిచ్చెన వాళ్ళు తమ పాత్రలో తమ ముప్పై గడపల గింజలతో పాశం వండి రాయి మీద పోశారు. చినుకు లేదు. గంప వాళ్ళు తమ పాత్రలో వండి పోశారు. చినుకు లేదు. "ఆళ్ళ జెండా సూసి మబ్బు జడుసుకుంది" అని వీళ్ళు, "ఈళ్ళ జెండా సూసే" అని వాళ్ళు. ఇంకో పది రోజులు ఇలాగే ఉంటే నారు చస్తుంది, ఊరు వలసపోతుంది. అది అందరికీ తెలుసు. తెలిసీ ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చున్నారు.

అప్పుడు అసిరమ్మ చేట పట్టుకుని బయల్దేరింది. గంప పట్టుకుంటే ఆ పార్టీ అనుకుంటారని చేట పట్టుకుంది, అంత తెలివుంది ఆమెకి. ఇంటింటికీ వెళ్ళి గుమ్మం ముందు నిలబడింది.

"ఏ పార్టీ పాశమే అప్పా?" అని అక్క వరస కలిపి అడిగారు ఆడవాళ్ళు.

"గుండిగ పార్టీయేనమ్మా. దోసెడెయ్యండి."

ఇచ్చినవాళ్ళని పార్టీలోంచి వెలేస్తామని నాయుళ్ళిద్దరూ చాటించారు. అయినా ఆడవాళ్ళు పెరటి దారిన పిలిచి పోశారు. బియ్యం ఉన్నవాళ్ళు బియ్యం, లేనివాళ్ళు చోళ్ళు, అంటే రాగులు. ఎవరికి వారు తామొక్కరే తెగించి ఇస్తున్నామనుకున్నారు. అలా యాభై ఏడు గడపలు పూర్తయ్యాయి. తన గింజలు తను పోసింది, యాభై ఎనిమిది. మిగిలినవి నాయుళ్ళ గడపలు రెండే.

సన్యాసినాయుడి అరుగు ముందుకెళ్ళింది. బాబూ అనడానికి ఆ ఊళ్ళో బావూ అంటారు.

"బావూ, దోసెడు గింజలెయ్యండి."

"ఆడేసినాడేటి?"

"నేదు బావూ."

"ఐతే ముందాడ్నెయ్యమను. నానే ముందు తగ్గినానని ఢిల్లీలో తెలిస్తే నా పరువేటి కావాల?"

తవిటినాయుడి అరుగు ముందుకెళ్ళింది. అక్కడా అదే మాట. ముందాడు, తరవాత నేను. రెండో రోజు వెళ్ళింది. ముందాడు, తరవాత నేను. పాపం, ఆ రెండరుగుల మధ్య తిరిగి తిరిగి ఆమె కాళ్ళు పీకాయి.

మూడో రోజు పొద్దున్నే సన్యాసినాయుడు అరుగు మీంచే కేకేశాడు.

"ఆడేసినాడేటే?"

అసిరమ్మ పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు. దారిలో తను చూసొచ్చిన ఎర్రటి ఆకుమడి కళ్ళ ముందు ఆడింది.

"ఏసీసినారు బావూ" అంది.

"ఎంతేసినాడు?"

"దోసెడు."

సన్యాసినాయుడు మీసం దువ్వాడు. "దోసెడేనా? ఇదిగో రెండు దోసిళ్ళు! ఎల్లి సెప్పు ఆడికి."

అసిరమ్మ ఆడిన అబద్ధం ఆ ఒక్కటే. తర్వాతవన్నీ నిజాలే. ఈ అరుగు దగ్గర నిజం చెప్తే రెండు దోసిళ్ళు నాలుగయ్యాయి. ఆ అరుగు దగ్గర నిజం చెప్తే ఆ నాలుగు దోసిళ్ళూ కుంచమయ్యాయి. బియ్యం అయ్యాక బెల్లం మీద పడ్డారు. ఒకరు దిమ్మ ఇస్తే ఒకరు రెండు దిమ్మలిచ్చారు. ఒకరు నెయ్యి తెస్తే ఒకరు జీడిపప్పు తెచ్చారు. మధ్యాహ్నానికి చేట చాలక ఎడ్లబండి కట్టాల్సి వచ్చింది. అరవై గడపలూ నిండి గుండిగ పొయ్యెక్కింది.

అంత కమ్మటి పాశం ఆ కొండ ఎన్నడూ చూడలేదు. రాయి మీద పోస్తే ఆవిరి లేచింది. ఊరంతా మోకాళ్ళ మీద వంగింది. పెద్దవాళ్ళు గనక నాయుళ్ళిద్దరినీ నడిమధ్య పక్కపక్కనే కూర్చోబెట్టి, తువ్వాళ్ళతో చేతులు వెనక్కి కట్టారు. ఇద్దరి ముక్కులూ జానెడు దూరంలో ఉన్నాయి. అంత దగ్గరగా ఉండి ఎంతసేపు మాట్లాడకుండా ఉంటారు?

"నువ్వు ముందేసినావని తెలిసే నానేసినాను బావా" అన్నాడు తవిటినాయుడు.

"నాను ముందేటి? నువ్వేసినావంటేనే గదా నానేసింది!"

ఇద్దరూ తలలెత్తి అసిరమ్మ వైపు చూశారు. ఊరంతా నాకడం ఆపింది. అసిరమ్మ మోకాళ్ళ మీదే వాళ్ళ ముందుకు జరిగింది.

"తప్పే బావూ. ఒక్క అబద్ధమాడినాను. ఏడాదై గుండిగ బోర్లించే ఉంది. నా కడుపూ అలగే ఉంది. నారు కూడా సచ్చిపోతే ఇంక ఎవులి కోసం తోమాల నాను? కొట్టీయండి, పడతాను."

కొడదామన్నా చేతులు వెనక్కి కట్టున్నాయి. ముక్కుల నిండా బెల్లం పాకం. మాట్లాడబోతే పెదాలు అతుక్కుంటున్నాయి. ముందు నవ్వింది సన్యాసినాయుడి పెళ్ళాం. మొగుడి మీసానికి వేలాడే పాశం చూసి కొంత, తమ్ముడి ముక్కు చూసి కొంత. ఆమె వెనక ఊరంతా నవ్వింది. చివరికి నాయుళ్ళిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయి నవ్వారు.

మూడో నాటికి వాన పడింది. పాశానికే పడిందో, పడే వేళయి పడిందో నాకు తెలీదు. అసిరమ్మకి మాత్రం అందులో ఏ అనుమానమూ లేదు.

పార్టీలు పోయాయనుకుంటున్నారేమో, పోలేదు. ఎన్నికలొస్తే మళ్ళీ గొంతులు చించుకునేవారు. కానీ గుండిగని మాత్రం మళ్ళీ వేరు చెయ్యలేదు. అసిరమ్మ పాకలో మళ్ళీ కుంచాల కొద్దీ బియ్యం ఉండేది. ఇంకా చాలా ఏళ్ళు హాయిగా బతికింది. ఒక మంచి పంట ఇంటికొచ్చాక, కడుపునిండా తిని పడుకుని, పడుకున్నట్టే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మళ్ళీ ఒక కరువొచ్చింది. గింజలు పోగుచేశారు. లెక్క చూస్తే యాభై తొమ్మిదే. అసిరమ్మ పాక ఎప్పుడో కూలిపోయింది, ఆ గడప తరపున పోసేవాళ్ళు లేరు. అరవై నిండకుండా పొయ్యి వెలిగించేదెలా? అందరూ ముఖాలు చూసుకుంటుంటే, జుట్టు నెరిసిన సన్యాసినాయుడు దోసిలి నిండా బియ్యంతో ఒక వీధిలోంచి వచ్చాడు. జుట్టు రాలిన తవిటినాయుడు దోసిలి నిండా బియ్యంతో ఇంకో వీధిలోంచి వచ్చాడు.

"ఇది అసిరప్ప గడపది" అన్నాడు ఒకడు.

"నువ్వెవుడివి? ఆ గడప గింజలు నానేస్తాను" అన్నాడు రెండోవాడు.

ఎంతకీ తెగక ఇద్దరివీ పోయించుకున్నారు. అరవై ఒక్క దోసిళ్ళయ్యాయి. ఎక్కువైందని ఎవరూ అనలేదు.

ఇప్పుడు ఆ నిచ్చెన గుర్తూ లేదు, ఆ గంప గుర్తూ లేదు. ఢిల్లీలో ఎందరు మారారో, జెండాల రంగులు ఎన్ని మారాయో. గరుగుమెట్టలో మాత్రం ఈనాటికీ పార్టీలు రెండున్నాయి. వరదపాశం రోజున గడప గడపకీ పేరు పిలుస్తారు. అసిరమ్మ గడప అని పిలవగానే ఈ పార్టీ నుంచి ఒకరు, ఆ పార్టీ నుంచి ఒకరు దోసిళ్ళతో గుండిగ దగ్గరికి ఉరుకుతారు. ముందు నువ్వెయ్యంటే నువ్వెయ్యని మొండికేసిన ఊరే, ముందు నేనంటే నేనని తోసుకుంటుంది. ఆ తోపులాట అయ్యాకే పొయ్యి వెలిగిస్తారు.