సూదయ్య కోళ్ళు, నక్క తెచ్చిన వావిలి కొమ్మలు

ఒక రేవులో, వరిమళ్ళు అయిపోయి తుంగ మొదలయ్యే చోట, గుర్రాలశాల వెనకాల, సర్కారువాళ్ళు పెట్టిన ఇనుపవల గూడు ఒకటుంది. అందులో నాలుగు పెట్టలు. గుడ్ల కోసం కాదు, కూర కోసం అంతకన్నా కాదు. దోమల చేత కుట్టించడానికి పెట్టారు వాటిని! వినడానికి వింతే గానీ, దాని వెనక పెద్ద ఆలోచనే ఉంది. తుంగలో దిగే కొంగల ఒంట్లో ఒక్కోసారి ఒక పాడు రోగం ఉంటుంది. కొంగని కుట్టిన దోమ వచ్చి కోడిని కుడితే కోడికి ఏమీ కాదు, కాకపోతే దాని రక్తంలో గుర్తు మిగులుతుంది. అదే దోమ గుర్రాన్ని కుడితే గుర్రం కాళ్ళు తడబడి కూలబడుతుంది. మనిషిని కుడితే జ్వరం తలకెక్కుతుంది. కోడి రక్తంలో గుర్తు ముందే కనబడితే మిగతావాళ్ళని కాపాడుకోవచ్చు.

అందుకని వారం వారం ఒకాయన సంచీ తగిలించుకుని వచ్చి, కోళ్ళ రెక్క కింద సూది గుచ్చి కాసింత రక్తం తీసుకెళ్ళేవాడు. చెట్టుకి కట్టిన, దోమల్ని పట్టే బుట్ట దింపుకునేవాడు. గుర్రాల ఒళ్ళు తడిమి చూసేవాడు. ఊళ్ళో ఇంటింటి ముందూ నిలబడి, "జ్వరాలేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగేవాడు. ఈ రేవులోనే కాదు, తుంగ పొడుగునా ఉన్న రేవులన్నిట్లోనూ ఆయనకి ఇదే పని. జంతువులు ఆయనకి సూదయ్య అని పేరు పెట్టుకున్నాయి.

కోళ్ళకి ఈ సంగతంతా ఎవరు చెప్తారు? వాటికి తెలిసింది సూది నొప్పి ఒక్కటే. అదికాక, వాటితో ఉండే ఎర్రపెట్టని సూదయ్య పోయినేడు తుంగ కోతలప్పుడు బుట్టలో పెట్టుకుని తీసుకుపోయాడు. అది మళ్ళీ రాలేదు. దాని చోట్లో ఇంకో పెట్ట వచ్చింది.

నాలుగింటిలోనూ బొల్లిపెట్ట ఒట్టి పిరికిది. ఆకు రాలినా మెడ నిక్కించేది. ఎర్రపెట్ట పోయిన దగ్గర్నుంచీ దానికి గింజ సరిగ్గా సయించడం మానేసింది. శాలలో ఉన్న గౌరి అనే ఆడగుర్రంతో దానికి మంచి స్నేహం. గౌరికి లేకలేక పుట్టిన పిల్ల ఒకటుంది. అది గూడు చుట్టూ గంతులేస్తుంటే చూసినంతసేపూ బొల్లిపెట్ట తన భయం మరిచిపోయేది.

ఒక సాయంకాలం నక్క వచ్చింది.

"అమ్మళ్ళూ, బాగున్నారా?"

పెద్దదైన నల్లపెట్ట ఈకలు విదిల్చింది. "నీ దారిన నువ్వు పో మావా. వల గట్టిదే."

"అయ్యో, వల సంగతి నాకెందుకే తల్లీ! పళ్ళూడిపోయే వయసు నాది. మీ మీద జాలితో వచ్చాను. ఎర్రపెట్టని ఎందుకు తీసుకుపోయాడో తెలుసా?"

"ఎందుకూ?" నాలుగూ ఒక్కసారే అడిగాయి.

"దోమ కుడితే రక్తంలో మచ్చ పడుతుంది. మచ్చ పడ్డ కోడి బుట్టలోకి పోతుంది. బుట్టలోంచి ఎక్కడికో నన్నడక్కండి, నా నోటితో చెప్పలేను." చెప్పలేక కాదు, నోరూరి గుటక వేసింది.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నక్క చెప్పినదాంట్లో సగం నిజమే, అందుకే బాగా అతికింది. బొల్లిపెట్ట వల దగ్గరికి జరిగింది. "మరి మాకేది దారి మావా?"

"వావిలాకు వాసనంటే దోమకి గిట్టదు. రోజూ పొద్దుగూకే వేళకి పచ్చి కొమ్మలు తెచ్చి వలకి గుచ్చి పోతాను. దోమ రాదు, మచ్చ పడదు, బుట్ట రాదు."

"నీకేం ఒరుగుతుంది?"

"పుణ్యం!" అంది నక్క ఆకాశంకేసి చూస్తూ.

నక్కకి పుణ్యం మీద మనసు మళ్ళిందంటే నేనైతే ముందు కోళ్ళని లెక్కపెట్టుకుంటాను. కానీ ప్రాణభయంలో ఉన్నవాళ్ళకి అంత తీరిక ఉండదు. కోళ్ళు సరేనన్నాయి.

నక్క మాట తప్పలేదు. రోజూ కొమ్మలు తెచ్చి గూడు చుట్టూ దట్టంగా దోపింది. సూదయ్య వచ్చి చూసి, ఎండ తగలకుండా శాలవాళ్ళు నీడ కట్టారు కాబోలనుకుని ఊరుకున్నాడు. రక్తం తీసుకెళ్ళాడు. మళ్ళీ వారం వచ్చి శాల యజమానితో, "ఈ రేవుకి భయం లేదు. గుర్రాల్ని దోమతెర కింద కట్టే పనిలేదు, హాయిగా తిరగనివ్వు," అన్నాడు. కోళ్ళు కేరింతలు కొట్టాయి.

బొల్లిపెట్ట కూడా ఆ రోజు కడుపునిండా తింది. తిని, కొమ్మల సందులోంచి బయటికి చూసింది. పొద్దు వాలుతోంది. తుంగలోంచి దోమలు లేచి మబ్బులా వస్తున్నాయి. గూడు దాకా వచ్చి, వావిలి వాసన తగిలి, పక్కకి మళ్ళాయి. మళ్ళి గౌరి పిల్ల మీద వాలాయి. పిల్ల తోక విసురుకుంటోంది, ఒళ్ళు విదిలించుకుంటోంది. అది ఎంతకని విదిలించుకుంటుంది? బొల్లిపెట్ట మళ్ళీ గింజల వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున్న తెల్లకొంగ ఒకటి వచ్చి గట్టు మీద వాలింది. అది అవతలి రేవు నుంచి వచ్చింది.

"ఏం కబురు పిన్నీ?" అని పలకరించింది బొల్లిపెట్ట.

"ఏం చెప్పనే? మా రేవులో గుర్రం ఒకటి కాళ్ళు తడబడి పడిపోయింది. లేవలేదు. కోళ్ళ రక్తంలో గుర్తు పలికింది కాబట్టి సరిపోయింది, మిగతా గుర్రాల్ని దోమతెరల కింద దాచారు. తుంగంతా కోసేశారు, గుంటలన్నీ పూడ్చేశారు. పాపం, అక్కడి నక్కకి తలదాచుకునే పొద లేకుండా పోయింది. ఈ వైపే వచ్చిందట, చూశావా?"

బొల్లిపెట్టకి నక్క పుణ్యం ఏ పొదలో ఉందో అప్పటికి అర్థమైంది. ఇక్కడి కోళ్ళ రక్తం పలక్కపోతే ఇక్కడి తుంగ కొయ్యరు.

"ఈ కొమ్మలు పీకేద్దాం," అంది తోటి కోళ్ళతో. "దోమల్ని మనం గౌరి వదిన పిల్ల మీదికి తోలుతున్నాం."

నల్లపెట్ట గయ్యిమంది. "ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అన్నట్టుంది నీ వరస! బుట్టలోకి పోతావా?"

"పోవాలని ఎవరికుంటుంది అక్కా? నాకు నీకన్నా ఎక్కువ భయం. కానీ ఆ పిల్ల పడిపోతే నేను చూడలేను."

"మన కోడి కూయకపోతే తెల్లారదా ఏం?"

"తెల్లారుతుంది. కానీ ఈ కబురు మనం చెప్తేనే వాళ్ళకి తెలిసేది."

ఎవరూ కదల్లేదు. బొల్లిపెట్ట ఒక్కతే వలకి ముక్కు ఆనించి కొమ్మల్ని లాగి చూసింది. నక్క వాటిని బయటివైపు నుంచి గట్టిగా దోపింది, లోపల్నించి రావు. ఆలోచిస్తూ కూర్చుంది. భయపడేవాళ్ళకి ఒక సుగుణం ఉంది, ఏ దిక్కునుంచి ఏం వస్తుందోనని అన్ని దిక్కులా ఆలోచిస్తారు. సాయంకాలానికి ఒక ఉపాయం తట్టింది.

నక్క పచ్చి కొమ్మలతో వచ్చింది. బొల్లిపెట్ట ఏడుపు గొంతుతో పలకరించింది. గొంతులో ఉన్న వణుకు మాత్రం నిజమైనదే.

"మావా, కొంప మునిగింది! సూదయ్య తలుపు గడియ సరిగ్గా పెట్టలేదేమోనని భయంగా ఉంది. నీ కొమ్మలు అడ్డమై మాకేమీ కనపడట్లేదు. కాస్త చూసి పెట్టిపోదూ. ఏ దొంగ జంతువో వచ్చిందంటే మా గతేం కాను?"

నక్క చెవులు నిక్కాయి. "అయ్యో, ఎంత మాట! నేనుండగా మీకు భయమా? ఎటువైపే తల్లీ తలుపు?"

"అదే తెలియట్లేదు మావా."

పుణ్యం, పొద, అవతలి రేవు, అన్నీ మరిచిపోయింది నక్క. ఒక వైపు కొమ్మలు పీకింది, వల. ఇంకో వైపు పీకింది, వల. నల్లపెట్ట గుండెలు బాదుకుంటూ బొల్లిపెట్టని తిట్టిపోస్తోంది. మూడో వైపు తలుపు దొరికింది. గడియ వేసే ఉంది, దాని మీద ఇనుపతీగ నాలుగు చుట్లు చుట్టి ఉంది. నక్క కోపంతో తీగని కొరికి మూతి చీరుకుంది.

"అబద్ధాలాడతావే, పిరికిదానా?"

"నీ దగ్గర నేర్చుకున్న విద్యే మావా."

అంతలో నాలుగు కోళ్ళూ గోల ఎత్తుకున్నాయి. ఆ గోలకి శాల యజమాని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నక్క తుంగలోకి దూకింది. ఆయన నక్క అడుగులు చూసి, పడి ఉన్న కొమ్మలన్నీ కాలవలో విసిరేసి, కుక్కని తెచ్చి గూటి పక్కనే కట్టేశాడు.

ఆ సందెవేళ దోమలు మళ్ళీ వచ్చాయి. బొల్లిపెట్ట కళ్ళు మూసుకుని, గౌరి పిల్ల ఉన్న వైపుకి జరిగి కూర్చుంది.

మళ్ళీ సూది పడింది. రక్తం తీసుకెళ్ళిన సూదయ్య ఈసారి వారం ఆగకుండా మూడోనాడే తిరిగొచ్చాడు, మొహం వాడిపోయి ఉంది. వస్తూనే ఫోను చెవికి పెట్టుకుని, "ఈ రేవులో కూడా ఉంది. వెంటనే మనుషుల్ని పంపండి," అన్నాడు. గుర్రాలన్నీ దోమతెరల కిందికి చేరాయి. ఊళ్ళో జ్వరంతో మూలుగుతున్న ఒక పసిపిల్లని ఆ పూటే ఆసుపత్రికి పంపించారు. గౌరి పిల్లకి అప్పటికే ఒళ్ళు కాగుతోంది, వెనక కాళ్ళు వణుకుతున్నాయి. గౌరి దాన్ని మూతితో ఆపి పట్టుకుని నిలబడింది.

సూదయ్య గూడు తెరిచి, రక్తంలో గుర్తు కనబడ్డ బొల్లిపెట్టని బుట్టలో పెట్టాడు. అది బుట్ట కంతలోంచి శాలవైపే చూస్తూ పోయింది. పిల్ల ముందుకి తూలింది, మోకాళ్ళ మీద పడింది. బొల్లిపెట్ట కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి గౌరి మూతితో ఎత్తుతోంది, పిల్ల తంటాలుపడి లేచి నిలబడింది. అది నిలబడటం చూశాక, బుట్ట ఎక్కడికి పోతేనేం అనిపించింది బొల్లిపెట్టకి.

బుట్ట పోయింది సూదయ్య పెరట్లోకి. మూత తీయగానే ఎదురుగా ఎర్రపెట్ట, చుట్టూ పిల్లల్ని వేసుకుని మట్టి కెలుకుతోంది.

"ఏమే, ఇంత ఆలస్యం చేశావు?" అంది ఎర్రపెట్ట. "ఒకసారి గుర్తు పడ్డ కోడి రక్తం మళ్ళీ కొత్త కబురు చెప్పలేదట. అందుకే ఇక్కడికి తెస్తారు. నాకూ తెలియక బుట్టలో ఎంత ఏడ్చానో!"

అక్కడ రేవులో కొడవళ్ళు దిగాయి. తుంగ కొన నుంచి మొదలు దాకా కోసేశారు. గట్టు మీద గొడుగంత నీడ లేదు. మూతి చీరుకున్న నక్క ఆ ఎండలో, కుక్క అరుపు వినబడ్డ కొద్దీ ఇంకాస్త దూరం జరుగుతూ, ఇంకో రేవు వెతుక్కుంటూ పోయింది.

కావలి ఉన్నవాడు తన ఒళ్ళు దాచుకుంటే, కాటు వెనకున్నవాళ్ళ మీద పడుతుంది.