లెక్కకు రాని అడవి

ఏ కాలంలోనో సరిగ్గా చెప్పలేం గానీ, కొండల నడుమ సిరివరం అనే రాజ్యం ఉండేదట. ఆ రాజ్యపు సంపద లెక్కలు రాసేవాడు చామన. ఇరవై ఏళ్ల పుస్తకాల్లో ఒక్క తప్పూ లేదని అతనికి గొప్ప పేరు.

ఒకనాడు బొల్లిశెట్టి అనే కలప వర్తకుడు కొలువుకు వచ్చాడు.

"మహారాజా! తూర్పు కొండ అడవి నాకిప్పించండి. నరుక్కుంటాను. పదివేల వరహాలు సమర్పించుకుంటాను."

రాజు చామన వైపు తిరిగాడు. "ఆ అడవి మనకు ఏటా ఏం తెస్తోంది?"

"ఏమీ లేదు ప్రభూ. పుస్తకంలో దాని పేరే లేదు."

"అయితే ఇచ్చేద్దాం. వెళ్లి చెట్లు లెక్కపెట్టి రా."

మండు వేసవి. దారిలో బావులన్నీ ఎండిపోయాయి. అడవిలోంచి దిగే వాగు మాత్రం గలగలా పారుతోంది. దాని కింద ఏడు ఊళ్ల మడులు పచ్చగా ఉన్నాయి. చామన ఆశ్చర్యపోయాడు.

మరునాడు దోసపాదుల దగ్గర ఒక రైతు అన్నాడు: "ఈ తేనెటీగలు అడవిలోంచే వస్తాయి దొరా. ఇవి వాలకపోతే పిందె పడదు."

మూడోనాడు ఒక అవ్వ వేర్లు తవ్వుతూ కనిపించింది.

"ఎందుకవ్వా ఇవి?"

"కషాయానికి నాయనా. నిరుడు జ్వరాలప్పుడు పట్నమంతా ఇదే తాగింది."

చామన చెట్లు లెక్కపెట్టడం ఆపేశాడు. నిరుడు అతని కూతురు బతికి లేచింది ఆ కషాయంతోనే! నిజం చెబితే ఇరవై ఏళ్ల పేరు పోతుంది. చెప్పకపోతే అడవి పోతుంది.

తిరిగొచ్చి కొలువులో రాజు, శెట్టి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, నా లెక్కలన్నీ తప్పు. శిక్షించండి" అని చూసిందంతా చెప్పాడు.

శెట్టి నవ్వాడు. "దానికేం! వాటికీ ఖరీదు కట్టండి, ఇచ్చేస్తాను."

"ఖరీదు వద్దు శెట్టిగారూ. అడవి చేసే పని మీరు చేస్తానని రాసివ్వండి, చాలు. వేసవంతా ఏడు ఊళ్లకు నీళ్లు, ప్రతి పువ్వుకూ ఒక తేనెటీగ, జ్వరం వచ్చిన ప్రతి ఇంటికీ మందు."

శెట్టి వేళ్లు మడవసాగాడు. నీళ్లకే రోజుకు మూడువందల బళ్లు కావాలి. తేనెటీగల దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి.

"నా ఆస్తంతా అమ్మినా చాలదు మహారాజా!" అని దండం పెట్టి జారుకున్నాడు.

రాజు పకపకా నవ్వాడు. "తన తప్పు తానే చెప్పినవాడికన్నా నమ్మకస్తుడు మాకెక్కడ దొరుకుతాడు? చామనా, ఈ ఏటి నుంచి పొలాలకన్నా ముందు అడవిని రాయి."

ఆ పూట చామన ఇంటికి వెళ్లి తృప్తిగా భోంచేశాడు.

కాబట్టి పిల్లలూ, డబ్బు తేవడం లేదని దేన్నీ విలువలేనిదిగా తీసిపారేయకూడదు. మనల్ని బతికించేదాన్నే అన్నిటికన్నా ముందు లెక్కలోకి తీసుకోవాలి.