ఇసకలో నాయుడి గీత

నేను ఇంతకుముందెప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, రాయాల్సిన అవసరమూ రాలేదు. కానీ తవిటినాయుడు అడిగిన ప్రశ్నకి ఎల్లాజీ మాస్టారు ఇచ్చిన జవాబు గురించి మా రేవులో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు. మాస్టారు అతన్ని కొట్టారని కొందరు, అందరి ముందూ ఈడ్పించారని కొందరు. ఈడ్పించిన మాట నిజమే. మొదటి నుంచి చివరిదాకా పక్కనే ఉండి చూసినదాన్ని కనక, చూసింది చూసినట్టు రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

సముద్రం వెనక్కి తగ్గిన వేళ మా ఇసకరేవు తీరం సిమెంటు గచ్చులా గట్టిపడుతుంది. ఆ గచ్చు మీద మూడు చక్రాల బండిలో కూర్చుని, పెద్ద గుడ్డపటం లాగుతుంటే పరుగుతీసే ఆట ఒకటుంది. ఎల్లాజీ మాస్టారు వయసులో ఉన్నప్పుడు ఓడల్లో పనిచేశారు. ఏ దేశంలోనో ఈ ఆట నేర్చుకొచ్చి, సరుగుడు తోట పక్కన రేకుల షెడ్డు వేసి పదిమందికీ నేర్పుతున్నారు. చిరిగిన పటాలు కుట్టేది నేను. కుడుతూ కుడుతూ, ఎవరూ లేని వేళ చూసుకుని, ఎగరెయ్యడమూ నేర్చుకున్నాను. నలుగురిలో మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ గొంతు పెగలదు. గాలి దగ్గర ఆ ఇబ్బంది లేదు.

ఈ పటాలు రెండు రకాలు. మొదటిది ఫిక్సుడు కైటు. గుడ్డ కింద సాలెగూడులా ఉండే తాళ్లు ఎప్పుడూ ఒకే బిగింపులో ఉంటాయి. గాలి ఎంతుంటే పటం అంత లాగుతుంది, తగ్గించుకోవడం మన చేతిలో ఉండదు. రెండు చేతుల్లో రెండు హ్యాండిళ్లు, బరువంతా భుజాల మీద. మరీ ఆపలేకపోతే హ్యాండిళ్లు వదిలెయ్యాలి. పటం కూలిపోతుంది, ఆట అక్కడితో సరి. రెండోది డీపవర్ కైటు. దీని ముందు తాళ్లు మన నడుం పట్టీకి తగులుకుంటాయి. వెనక తాళ్లు చేతిలో ఉన్న అడ్డకర్రకి వస్తాయి, దాన్ని బారు అంటారు. బారు గుండెల దగ్గరికి లాక్కుంటే పటం బలం పెరుగుతుంది. ముందుకి వదిలితే పటం ఆకాశంలోనే ఉంటుంది గాని బలం తగ్గిపోతుంది. బరువు నడుం మోస్తుంది, భుజాలు హాయిగా ఉంటాయి. అందుకే ఫిక్సుడులో చెయ్యి తిరిగినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు దీని దగ్గరికి వస్తారు.

మాస్టారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. గాలి మారేది ముందుగా ఎలా తెలుస్తుందని ఒకాయన అడిగితే, మధ్యాహ్నమంతా ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలమన్నారు. ఆయన మళ్లీ రాలేదు.

తవిటినాయుడు కరెంటు స్తంభాలెక్కే లైన్‌మాన్. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, తన బలం మీద తనకి నమ్మకం జాస్తి. కిందటి వేసవిలో ఫిక్సుడు కైటు ఉన్నట్టుండి గుంజితే వదిలెయ్యకుండా పట్టుకుని కుడిభుజం కీలు తప్పేలా చేసుకున్నాడు. డాక్టరు సరిచేశాడు గాని, ఇంకోసారి తప్పిందంటే ఇక స్తంభం ఎక్కే పని కట్టిపెట్టాల్సిందేనని చెప్పాడు. ఇంట్లో భార్య రవణమ్మ, "నీకు స్తంభం కావాలో ఆ గుడ్డ కావాలో తేల్చుకో" అని తెగేసి చెప్పింది. నాయుడు రెండూ కావాలనుకున్నాడు. భుజం కుదుటపడ్డాక ఒకరోజు సాయంత్రం షెడ్డుకి వచ్చాడు.

షెడ్డులో అప్పుడు అమ్మకానికి రెండు డీపవర్ కైట్లు వేలాడుతున్నాయి. నీలంది పెద్దది, పొడుగ్గా సన్నగా పందాలకి తీర్చినట్టుంటుంది. ఎర్రది చిన్నది, పొట్టిగా బొద్దుగా ఉంటుంది. నాయుడు వాటి కింద నిలబడి మెడ పైకెత్తి చాలాసేపు చూశాడు.

"మాస్టారూ, ఫిక్సుడు ఇంక నావల్ల కాదు. ఈ రెండిట్లో నాకేదో తేల్చీయండి."

"నీ మనసులో ఏటుంది?" అన్నారు మాస్టారు.

"నీలందే. పెద్దదైతే గాలి తక్కువున్న రోజు కూడా పనికొస్తాది. గాలి ఎక్కువైందనుకోండి, బారు వదిలీస్తే సరి. తగ్గించుకునే వీలుందనే కదా దీనికింత పేరు! ఆ బుల్లిది తీసుకుని నేనేటి బొమ్మలాట ఆడుకోనా?"

కుడుతున్న గుడ్డ ఒళ్లో పెట్టుకుని వింటున్నాను. అతని లెక్క నాకూ సరిగ్గానే ఉన్నట్టు తోచింది.

"మరి భుజం సంగతో?"

"భుజానికి బరువు ఉండదు కదండీ, నడుం లాగుతాది. నా నడుం సంగతి మీకు తెలీదేటి, ట్రాన్స్‌ఫారం మోసిన నడుం."

"నువ్వు ట్రాన్స్‌ఫారాన్ని మోసినావు గాని, అది నిన్ను ఈడవలేదు కదా నాయుడా," అని మాస్టారు లేచారు. "నడుం పట్టీ కట్టుకుని బయటికి రా."

పటం మాత్రం తియ్యలేదు. ఒక బారూ, రెండు పొడుగాటి తాళ్లూ తీశారు. ముందు తాడు నాయుడి నడుం పట్టీకి తగిలించారు, వెనక తాడు బారుకి కట్టారు. తీరంలో పెద్దవల లాగేవాళ్లు ఆ పూట పని ముగించి చుట్టలు కాల్చుకుంటున్నారు. మాస్టారు వాళ్లని పిలిచి ముందు తాడు వాళ్ల చేతుల్లో పెట్టి, చెవుల్లో ఏదో చెప్పారు. వెనక తాడు చివర తన వేళ్ల మధ్య పట్టుకున్నారు. నేను దగ్గరికి వెళితే మెల్లిగా అన్నారు:

"అతను బారు లాక్కుంటే ఈ తాడు బిగుస్తాది, చెయ్యెత్తే ఉంచుతాను. వాళ్లు లాగుతారు. బారు వదిలితే ఇది వదులవుతాది, చెయ్యి దించీస్తాను. వాళ్లు ఆగుతారు. నువ్వు మాత్రం నోరు విప్పకు."

నేను నోరు విప్పకుండా ఉండటానికి ఒకరు చెప్పాలా అనుకున్నాను.

నాయుడు నవ్వుతూ కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. తాడు చివరున్నవాళ్లని చూసి, "పొద్దున్నుంచీ ఖాళీ వల లాగినోళ్లు, మీరేటి నన్ను లాగుతారు?" అన్నాడు.

"పడే చేప ఎప్పుడూ అలగే అంటాది బావూ," అని వాళ్లలో ఒకడు అరిచాడు.

మాస్టారు తొందరపడలేదు. రవణమ్మ కులాసానా అనీ, చేపల పులుసులో మామిడికాయ వేస్తోందా చింతపండేనా అనీ అడుగుతున్నారు. నాయుడు, "మామిడికాయలు ఇంకా ఎక్కడండీ" అంటూ ఉండగానే రెండో చెయ్యి పైకెత్తారు.

హైలెస్సా అని ఒక్క గొంతుతో అరిచి వాళ్లు వల లాగినట్టు లాగారు. నాయుడు మడమలు ఇసకలో దిగ్గొట్టి, వెనక్కి వాలి, బారు గుండెలకేసి లాక్కున్నాడు. ఫిక్సుడు ఎగరేసేవాళ్లం ఎవరమైనా అంతే చేస్తాం. పటం గుంజితే వెనక్కి వాలి రెండు చేతులూ లాక్కుంటాం. అన్నాళ్లూ చేతులకి మప్పింది అదే. మాస్టారి వేళ్ల మధ్య తాడు బిగుసుకుంది, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. వాళ్లు నడక మాని పరుగందుకున్నారు, తాడు చివర వదలకుండా మాస్టారూ వాళ్ల పక్కనే పరిగెత్తారు. నాయుడి మడమలు లేచిపోయాయి. మోకాళ్ల మీద కొంత దూరం పోయాడు, తర్వాత బోర్లా పడ్డాడు. పడ్డా బారు వదలలేదు. చంటిబిడ్డని పొదువుకున్నట్టు గుండెల కింద పొదువుకుని, "ఆపండి! ఆపండెహే!" అని అరుస్తున్నాడు. అరిచినకొద్దీ ఇంకా లాక్కుంటున్నాడు. లాక్కున్నకొద్దీ వాళ్లు ఇంకా పరిగెడుతున్నారు.

వాళ్లు పరిగెడుతున్న దారికి పక్కగా బోర్లించిన పడవ ఒకటుంది. నాయుడు జారుతూ జారుతూ దానివైపే పోతున్నాడు. నాకు కేక రాబోయింది. అప్పుడే నా చేతులు కనిపించాయి. రెండూ పిడికిళ్లు బిగిసి నా గుండెలకి ఆనుకుని ఉన్నాయి. నేను ఒడ్డున ఊరికే నిలబడి ఉన్నాను, నా చేతుల్లో ఏమీ లేదు. అయినా అవి లాక్కుంటూనే ఉన్నాయి. అతని లెక్క సరైనదేనని ఇందాక అనుకున్నదాన్ని, కేక మింగేసి నా చేతుల వంకే చూస్తూ ఉండిపోయాను.

చివరికి నాయుడి కళ్లలో ఇసక పడింది. తుడుచుకోవడానికి రెండు చేతులూ మొహం మీదకి పోయాయి. బారు జారిపోయింది, తాడు వదులైంది, మాస్టారి చెయ్యి దిగింది. లాగేవాళ్లు నిలబడిపోయారు. నాయుడి తల దగ్గర చెయ్యి చాపితే పడవ అంచు తగిలేది.

లేచి కూర్చుని నోట్లో ఇసక ఉమ్మేశాడు. ముందు భుజం తడుముకున్నాడు. అది బాగానే ఉందని తెలిశాక కోపం వచ్చింది.

"ఇదేటి మాస్టారూ! నాకు పటం కావాలని అడిగితే నన్నే పటం చేసీసినారు?"

"వలలో ఇంత బరువు ఈ ఏడు పడలేదు రోయ్!" అని వాళ్లు నవ్వుకుంటూ చుట్టల దగ్గరికి పోయారు.

నాయుడు అటు చూడలేదు. "వదిలీస్తే ఆగుతాదని నాకు తెలీదేటి? ఇందాక మీకు చెప్పింది నేనే కదా!"

"చెప్పినావు," అన్నారు మాస్టారు. "బాగా చెప్పినావు."

ఇద్దరూ వెనక్కి, నాయుడు మొదట నిలబడ్డ చోటికి నడిచారు. తాళ్లు చుట్టుకుంటూ నేనూ వాళ్ల వెనకే వెళ్లాను. ఇసకలో గీత పడి ఉంది. మొదట మడమలు దున్నిన రెండు చాళ్లు, అవి కలిసిపోయి మోకాళ్ల గుంటలు, ఆ తర్వాత ఒంటి వెడల్పున ఒకటే గాడి, పడవ దాకా. మాస్టారు దాని పక్కనే మెల్లిగా నడిచారు. మధ్యలో ఆగి చూశారు, మళ్లీ నడిచారు. నాయుడు తను వెనక్కి వాలిన చోటు ఎక్కడుందో, చేతులు విడిన చోటు ఎక్కడుందో చూసుకుంటున్నాడు. మధ్యనున్న ఇసకంతా అతనికి అన్నీ తెలిసుండగానే జరిగిన దూరం. నాకు అలా అనిపించింది. అతనికేమనిపించిందో నేనడగలేదు.

పడవ దగ్గరికొచ్చాక నాయుడి గొంతులో ఆ జోరు లేదు.

"మాస్టారూ, వీళ్లు మనుషులు కనక ఇంతే లాగినారు. అదే ఆ నీలంది, మంచి గాల్లో... అప్పుడీ గీత ఎంత పొడుగుంటాది?"

మాస్టారు వంగి, కాళ్లకి అంటిన ఇసక దులుపుకుని, తలెత్తి ఆకాశం వైపు చూశారు.

"అప్పుడు ఇసక మీద గీత పడదు నాయుడా," అని టీ తాగడానికి షెడ్డులోకి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే నేను కుట్టు మిషను తుడుచుకుందామని వెళ్లేసరికి, నాయుడు తాళం వేసిన షెడ్డు ముందు నడుం పట్టీ కట్టుకుని కూర్చుని ఉన్నాడు. డ్యూటీకి ఇంకా వేళ ఉందన్నాడు. కొంచెం నసిగి, మా వైపు అక్కని పిలిచినట్టు, "అప్పా, కాసేపు నువ్వు గాలివవుతావేటి?" అన్నాడు.

"నా బలానికి నువ్వు కదలవు కదా నాయుడూ," అన్నాను.

"కదలక్కర్లేదు. చేతులు వదులుతున్నాయా లేదా చూడు చాలు."

"అయితే తర్వాత నువ్వు గాలివవ్వాలి. నేను బారు పట్టుకుంటాను," అన్నాను. పరాయి మగవాడితో అంత పొడుగు మాట నేను అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

తాళం తీసి తాళ్లు తెచ్చాను. చీర కుచ్చెళ్లు దోపుకుని ముందు తాడు నడుముకి చుట్టుకున్నాను, వెనక తాడు మాస్టారిలాగే వేళ్ల మధ్య పట్టుకున్నాను. లాగాను. వెనక తాడు వెంటనే బిగుసుకుంది. "ఛ!" అన్నాడు. మళ్లీ లాగాను, మళ్లీ బిగుసుకుంది. కాసేపయ్యాక, లాగబోతున్నానని నా మొహంలో తెలిసినప్పుడల్లా వదలడం మొదలుపెట్టాడు. అది నాకు నచ్చలేదు. మొహం అటు తిప్పుకుని సముద్రం చూస్తూ నిలబడ్డాను. ఎండ ఎక్కుతోంది. నేను అలిసిపోయాననుకున్నాడో ఏమో, షెడ్డులో వేలాడుతున్న పటాల వైపు చూస్తూ అన్నాడు:

"అప్పా, నిజం చెప్పు, నువ్వైతే ఈ రెండిట్లో ఏది తీసు..."

మాట పూర్తి కానివ్వలేదు. ఉన్న బలమంతా పెట్టి లాగాను. వెనక తాడు నా వేళ్ల మధ్య వదులుగా వేలాడింది.