మైనం పొడి

కామేశానికి ఉన్న బాధల్లా వీణ గురించే. వేళ్ళలో విద్య ఉంది, గురువు సోమయాజులుగారి దగ్గర పదేళ్ళ సాధన ఉంది. ఒళ్ళో ఉన్నది మాత్రం డొల్ల వీణ. మంద్రంలో తీగ మీటితే రేకుడబ్బా మీద గోరుతో గీకినట్టు మోగేది. ఈ దసరాకి విజయనగరం సభలో మొదటి కచేరీ ఒప్పుకున్నాడు. ఆ వీణ పట్టుకుని వేదిక ఎక్కితే మళ్ళీ ఎవరూ పిలవరన్న సంగతి అతనికి తెలుసు.

అందుకని ఎవరింట్లో పాత వీణ ఉందని విన్నా పరుగెత్తేవాడు. బీటలు వారినవీ, మెడ విరిగినవీ చూసి చూసి విసిగిపోయాడు.

ఒకనాటి ఉదయం గుడ్డ చుట్టిన వీణ భుజాన వేసుకుని గురువుగారింటికి వచ్చాడు. నడకే మారిపోయింది. గుడ్డ విప్పి ఆయన ముందు పెట్టి, పక్కకి జరిగి నిలబడ్డాడు.

సోమయాజులుగారు ఒక్క తీగ మీటి కళ్ళు మూసుకున్నారు. ఆ నాదం పూర్తిగా ఆరిపోయేదాకా తెరవలేదు.

"పనస. ఒకే మానులో తొలిచింది," అన్నారు.

"ఎంతకి దొరికిందో చెబితే నమ్మరు గురువుగారూ."

ఆయన అది అడగలేదు. ఎలా దొరికిందో చెప్పమన్నారు.

కామేశం హుషారుగా మొదలుపెట్టాడు. కోట వెనక వీధిలో అచ్చియ్యమ్మగారని ఒక మామ్మగారు ఉంది. ఆవిడ భర్త వైణికుడు, పోయి చాలాకాలమైంది. ఆవిడకి చూపు బాగా మందగించింది, మనిషి నీడలా ఆనుతుందంతే. మూలపడి ఉండేకంటే ఎవరి చేతిలోనైనా పలకాలి నాయనా, ఎంతిస్తావో నువ్వే చెప్పు అంది. అంత మాట అన్నాక ఉన్నంతలో న్యాయంగా ఇచ్చి తెచ్చుకునేవాళ్ళూ ఉంటారు. మనవాడికి తెలివి ఎక్కువ.

వీణ మెట్లు కూర్చోబెట్టే మైనం పాతబడితే ఎండి పొడిగా రాలుతుంది. కామేశం గోరుతో ఒక మెట్టు కింద గీకాడు. రాలిన పొడిని ఆవిడ అరచేతిలో పోశాడు. చూడండి మామ్మగారూ, పురుగు తొలిచేసింది, ఈ వీణ ఎప్పుడూ సరిగ్గా పలికి ఉండదు, పొయ్యిలోకి తప్ప పనికిరాదు అన్నాడు. పనసచేవకి పురుగు పట్టదని వీణ ముట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. ఆవిడకి తెలియదు.

"నమ్మేసిందా?" అన్నారు గురువుగారు.

"పాపం, ఆ పొడి వేళ్ళతో నలుపుకుంటూ కూర్చుందండీ. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆవిడ కాసులపేరు అమ్మి కొన్నాడట. ఇలాంటి వీణ ఈ చుట్టుపక్కల లేదు, నీ బంగారం ఎక్కడికీ పోలేదు, ఇందులోనే ఉందని బతికినన్నాళ్ళూ చెప్పేవాడట. అయితే నాతో అబద్ధం చెప్పారన్నమాట అంది." కామేశం నవ్వాడు.

గురువుగారు నవ్వలేదు. లేచి, దండెం మీది ఉత్తరీయం తీసి భుజాన వేసుకున్నారు.

"వీణ తీసుకో. పద."

అచ్చియ్యమ్మగారు వీధరుగు మీద కూర్చుని ఉంది. గురువుగారు తన పేరు చెప్పి, మా శిష్యుడు కాసేపు వాయిస్తాడు వినమ్మా అన్నారు. ఆవిడ సంతోషంగా జరిగి చోటిచ్చింది. కామేశం తలుపులోంచి లోపలికి చూశాడు. మొన్న వచ్చినప్పుడు ఎదురుగోడకి ఆవిడ భర్త ఫొటో, దానికి బంతిపూల దండ ఉండేవి. ఇప్పుడు ఉత్త మేకు ఉంది. ఫొటో నేల మీద, చీపురు పక్కన గోడకి తిప్పి ఆనించి ఉంది.

వాయించాడు. వీణ బాగానే పలికింది. ఆవిడ వేళ్ళు మోకాలి మీద తాళం వేశాయి. మధ్యలో ఒకచోట ఆగిపోయాయి.

"మాదీ ఇలాగే పలికేదనుకునేదాన్ని," అందావిడ. "కొత్తది కొనుక్కున్నావా నాయనా? మంచిపని చేశావు. మాది పొయ్యిలో పెట్టేశావా?"

కామేశం గురువుగారి వైపు చూశాడు.

"చెప్పు," అన్నారాయన.

చెప్పాడు. ఇది మీ వీణేనని, పురుగు లేదని, ఆ రోజు పోసింది మైనం పొడేనని, చవగ్గా కొట్టేద్దామని అబద్ధమాడానని మొత్తం చెప్పాడు. వీణ మీదే, ఉంచేసుకోండి, కావాలంటే తడిమి చూడండని ఆవిడ ముందుకి జరిపాడు. సిగ్గుతో చచ్చిపోతున్నా, చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాడు.

ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది.

"ఆ పొడి నా చేత్తో పట్టుకున్నాను కదయ్యా. ముసల్ది బాధపడుతుందని గురువూ శిష్యుడూ ఇంత దూరం వచ్చారు. మంచివాళ్ళు. నీ కొత్త వీణ నాకెందుకు, తీసుకెళ్ళు."

"మామ్మగారూ, ఒట్టు. నిజం చెబుతున్నాను."

"మా ఆయనా ఇంత బాగానే చెప్పేవారు," అంది అచ్చియ్యమ్మగారు. తర్వాత గోడ పట్టుకుని లేచి, నెమ్మదిగా లోపలికి వెళ్ళిపోయింది.

కామేశం చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాడు. లోపల్నుంచి పిలుపు రాలేదు. చివరికి వీణకి గుడ్డ చుట్టుకుని దిగాడు.

ముందు నడుస్తున్న సోమయాజులుగారు వీధి మలుపులో ఆగి, వెనక్కి తిరిగారు.

"ఇప్పుడు చెప్పరా. ఎంతకి దొరికింది?"