పొట్టేలు తిన్న గెణుసుగడ్డ

గాదిలింగప్ప స్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా కోపం మీద ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు, పని చెప్పేవాడు.

ఆ పొద్దు శిష్యుడు ఈరన్న నుదుటికి గుడ్డ కట్టుకుని వచ్చాడు. ముందురోజు కొండ కింది జాతరలో జనం నడుమ నిలబడి, పొట్టేలు మెడ నరికితే వాన రాదని, మొక్కుల పేరుతో మందలు తరిగిపోవడమే తప్ప ఒరిగేదేమీ లేదని గొంతు చించుకుని అరిచాడు. జనం రాళ్లు విసిరారు. రాయి తగిలిన చోటు కంటే లోపలెక్కడో ఎక్కువ మండుతోంది అతనికి. కూర్చోలేకపోయాడు. మఠం వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే అడిగాడు.

“నేను చెప్పింది నిజమా కాదా స్వామీ? నిజమే అయితే ఉన్నదంతా ఒక్కసారే చెప్పేస్తే తప్పేంటి? ఆకలిగా ఉన్నోడికి అన్నం పెట్టడానికి కూడా మంచిరోజు చూసుకోవాలా?”

స్వామి భుజం మీది కంబళి సర్దుకున్నాడు. “గడ్డివాము అడుగంటింది. ఈ చలి దాటేదాకా మందకు ఏ గడ్డలు వేయాలో చూసి తీసుకురా అబ్బీ. మన మందలో వదిలిన బసమ్మ గొర్రెలు చూలుతో ఉన్నాయి, జాగ్రత్త.”

ఈరన్నకు ఒళ్లు మండింది. అయినా గొర్రెలకాపరి ఇంట పుట్టినవాడు, మేత విషయంలో అశ్రద్ధ చేసే మనిషి కాదు. మిట్టచేలో కర్రపెండలం బండ్లకొద్దీ దొరుకుతుంది. కానీ పచ్చిది తింటే గొర్రె నురగలు కక్కుతుంది, తరిగి ఎండబెట్టేంత ఓపిక ఇవాళ అతనికి లేదు. ముల్లంగిలో నీళ్లే తప్ప సత్తువ లేదు. గెణుసుగడ్డ, అదే చిలగడదుంప, మేలు. తీపి ఉంది, బలం ఉంది, పచ్చిగానే తినొచ్చు. వాగొడ్డు చేనికి పోయి, కుళ్లినవీ పురుగు పట్టినవీ ఏరి పారేసి, మంచివి బండికెత్తాడు. గొంతుకు అడ్డం పడకుండా సన్నగా తరిగాడు కూడా. అందులో వంక పెట్టడానికేమీ లేదు.

కొత్త మేత ఏదైనా ముందు మెడలో గంట ఉన్న పొట్టేలు తినాలి. అది తిని కులాసాగా నెమరేస్తేనే మందకు పెడతారు. ఆ సీమ గొర్రెలకాపరుల ఆచారం అది. మఠం పొట్టేలు గంట మోగించుకుంటూ వచ్చి ముక్కలు కరకర నమిలింది. చాలక ఈరన్న మోకాలిని కొమ్ముతో పొడిచింది. మధ్యాహ్నానికి నీడన నిలబడి హాయిగా నెమరేస్తోంది.

“చూశావా బసమ్మత్తా!” అన్నాడు ఈరన్న.

బసమ్మకు మొగుడు లేడు, చేను లేదు. ఉన్నవి రెండే గొర్రెలు, అవి ఈనితేనే వేసవి గడుస్తుంది. తన దగ్గర మేత లేక వాటిని మఠం మందలో వదిలింది. “చూశాలే. నిన్న నువ్వు రాళ్లు తిన్నావు, ఇవాళ నా గొర్రెలకు గడ్డలు పెడుతున్నావు. నీకంటే వాటి రాతే బాగుందబ్బీ!” అని నవ్వింది. “కడుపునిండా పెట్టు.”

ఈరన్న బండి మొత్తం గుమ్మరించాడు. నెలల తరబడి ఎండు చొప్ప తప్ప ఎరగని మంద ఒకదాని మీద ఒకటి పడి తింది.

పొద్దు వాలేసరికి గొర్రెల డొక్కలు డోళ్లలా ఉబ్బాయి. కొన్ని పళ్లు నూరాయి, కొన్ని మూలుగుతూ కూలబడ్డాయి. ఈరన్న వాము కలిపిన నూనెను వెదురుగొట్టంతో పట్టాడు. పడుకున్నవాటిని లేపి తోలాడు, డొక్కలు పిసికాడు. నుదుటి గుడ్డ ఊడిపోయి గాయం మళ్లీ నెత్తురు కారినా చూసుకోలేదు. ఒక్కొక్కటే లేచాయి. బసమ్మ పెద్ద గొర్రె మాత్రం లేవలేదు. కడుపులో పిల్లతో సహా పోయింది.

బసమ్మ ఏడవలేదు. “గడ్డలో ఏమన్నా చెడు ఉందా అబ్బీ?”

“లేదత్తా. మంచి గడ్డే.”

“మంచిదైతే నా గొర్రె ఎందుకు చచ్చింది?”

ఈరన్న పొట్టేలు కోసం చుట్టూ వెతికాడు. అది వంటింటి గుమ్మం దగ్గర, రోజూ నిలబడే చోటే నిలబడి ఉంది. లోపలినుంచి వంటమనిషి చేటెడు గెణుసు తొక్కలు దాని ముందు విసిరింది, రోజూ విసిరినట్టే.

ఈరన్న వంగి ఆ తొక్కల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తరువాత తన సొంత గొర్రెల్లో చూలుదాన్ని ఒకదాన్ని తోలుకొచ్చి, తాడు బసమ్మ చేతిలో పెట్టి, స్వామి ముందుకు వెళ్లాడు.

“రోజూ తొక్కలు తిని పొట్టేలు కడుపు ఎప్పుడో అలవాటు పడింది స్వామీ. నేను దాన్ని చూసి మందకంతా ఒక్కసారే పెట్టాను.”

స్వామి చొప్ప మోపు విప్పుతున్నాడు. “ఆ పొట్టేల్ని ఈ మఠానికి ఎవరు తోలుకొచ్చారు?”

“నేనే. మొక్కు తీర్చుకోడానికి. కత్తి కూడా తెచ్చుకున్నా.”

“ఆ రోజు నీతో నేనేమన్నాను?”

ఈరన్న చెయ్యి నుదుటి గాయం మీదికి పోయింది. “దప్పికగా ఉన్నట్టుంది, దానికి కాసిని నీళ్లు పెట్టమన్నారు. కత్తి మాటే ఎత్తలేదు.”

స్వామి ఒక చొప్పకట్ట తీసి అతని చేతికిచ్చాడు.

“అంతే అన్నాను.”