ప్లీడరు గారి మెట్ల మీద పిండం

దగ్గరికి జరగండర్రా. చిన్నీ, ఆ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. నేను అనగనగా అంటే మీరు ఊ అనాలి, నిద్రపోతే ఊరుకోను.

అనగనగా ఒక ఊళ్ళో నాంచారమ్మని ఒక కోడలుండేది. రెండో తరగతి చదివింది, కూడబలుక్కుని చదివేది. దాని మొగుడు కోటయ్య వట్టి వెర్రిబాగులవాడు. నుంచోమంటే నుంచుంటాడు, కూచోమంటే కూచుంటాడు, ఎందుకూ అని అడగడు.

అత్తగారు పోవడానికి రెండేళ్ళ ముందే, పుట్టింటివాళ్ళు తనకిచ్చిన ఇల్లు ఈ చిన్నకోడలికే అని వీలునామా రాయించింది. మంచాన పడ్డ ఆవిణ్ణి చూసింది ఇదేగా మరి! అత్తగారే తన చీర పసుప్పచ్చ అంచు చింపి ఆ కాగితానికి కట్టి, బస్తీలో జోగారావు ప్లీడరు దగ్గర దాయించింది.

పదోరోజు పిండం పెడితే కాకి ముట్టలేదు. ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిందనేగా అంటారు? పెద్దకొడుకు బసవయ్య దణ్ణం పెట్టాడు, ముట్టలేదు. కోటయ్య దణ్ణం పెట్టాడు, ముట్టలేదు. నాంచారమ్మ వంగి, అత్తా, నీ కాగితం తెచ్చి నీ మాట నిలబెడతానంది. చటుక్కున ముట్టింది! బసవయ్య మొహం మాడిపోయింది. అమావాస్యలోపు ఆ కాగితం చూపించకపోతే ఇల్లు నాది, మీరు బయటికి నడవండి అన్నాడు. తోడబుట్టినవాణ్ణి పట్టుకుని అంత మాట!

ఊ కొడుతున్నారా?

నాంచారమ్మ బస్తీలో ప్లీడరు గారింటికెళ్ళింది. తలుపు సందులోంచి వంటాయన తొంగిచూసి, అయ్యగారు స్నానంలో ఉన్నారన్నాడు. మర్నాడు వెళ్తే జపంలో ఉన్నారన్నాడు. ఆ మర్నాడు భోజనంలో, ఆ పై రోజు నిద్రలో. మళ్ళీ వెళ్తే మళ్ళీ స్నానం! ఉత్తరం రాస్తే జవాబు లేదు, కేకేస్తే పలుకు లేదు. అరుగు మీద ఇలాంటివాళ్ళే ఇంకో పదిమంది, ఏడాదిగా తిరుగుతున్నారట. ఏడాది పాటు ఏం స్నానమే తల్లీ!

రేపు అమావాస్యనగా నాంచారమ్మ ఏం చేసిందో తెలుసా? చెప్తే గుండె పట్టుకుంటారు. అరిటాకు, అన్నం, నువ్వులు పట్టుకెళ్ళి, మొగుణ్ణి ప్లీడరు గారి మెట్ల మీద దక్షిణం మొహంగా కూచోబెట్టి, ఆ ప్లీడరుకే పిండం పెట్టించింది! శివశివా! బతికున్న మనిషికి పిండమా! నేను చెప్పానని మీరెవరికీ పెట్టకండర్రోయ్, వీపు చీరేస్తాను.

అరుగంతా నోళ్ళు తెరిచింది. వంటాయన చేతిలో గరిటె ఠంగుమని పడింది. నాంచారమ్మ మాత్రం కా కా అని కాకుల్ని పిలిచి, పలకని మనిషి పోయినట్టేగా బాబూ, పాపం ఎవరూ కర్మ చెయ్యలేదు అని గట్టిగా ఏడ్చింది. కాకి వచ్చి గోడ మీద వాలింది. ముట్టలేదు. అయ్యో ప్లీడరు గారూ, మీకు మిగిలిన కోరికేమిటో చెప్పండీ అంది.

దభేల్మని తలుపు తెరుచుకుంది. ప్లీడరు! మాసిన గడ్డం, తిరగేసి తొడుక్కున్న చొక్కా. నేను బతికే ఉన్నానే దిక్కుమాలినదానా అని అరిచాడు. అరిచాడు గానీ, నాంచారమ్మ వైపు కాదమ్మా, అటు గోడ వైపు తిరిగి అరుస్తున్నాడు! మెట్టు తప్పి, పిండం మీద కాలేసి, ముందుకి పడబోయాడు. నాంచారమ్మే పట్టుకుంది.

అప్పుడర్థమైంది అందరికీ. ఆయనకి చూపు పోయింది. ఏడాదైంది. గుమాస్తా ఎప్పుడో మానేశాడు, వంటాయనకి అక్షరం రాదు. పెట్టె నిండా కాగితాలున్నాయి, ఏది ఎవరిదో తెలీదు. గుడ్డి ప్లీడరని తెలిస్తే ఎవరొస్తారని, సిగ్గుతో తలుపేసుకున్నాడట. తిడదామని వచ్చిన నాంచారమ్మ, ఆ పెట్టె ఇలా తెప్పించండి బాబుగారూ అంది. నాకైతే ఇప్పటికీ కోపమూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

పెట్టె తెరిచారు. పసుప్పచ్చ అంచు పైనే ఉంది! నాంచారమ్మ కూడబలుక్కుని చదివింది. ఇల్లు చిన్నకోడలికి, పెద్దాడు ఎప్పుడొచ్చినా ఆకేసి అన్నం పెట్టాలి అని కూడా రాసి ఉంది. తర్వాత బసవయ్యకి వినిపిస్తే తలొంచుకున్నాడనుకో.

ప్లీడరు గారు మెట్టు మీద కూలబడి, అమ్మా, నా కోరిక ఒక్కటే, ఎవరైనా కాస్త చదివిపెడితే చాలు అన్నాడు. నేను చదువుతాను బాబుగారూ, మిగతావాళ్ళ కాగితాలు కూడా తీయండి అంది.

ఆ మాట అందో లేదో, గోడ మీది కాకి రివ్వున దిగి, తొక్కిన ఆ పిండం ముద్ద కాస్తా నోట కరుచుకుపోయింది!

అరుగంతా కెవ్వుమంది. ఏమైందర్రా, ఏమైందని ప్లీడరు తడుముకున్నాడు. నాంచారమ్మ మాత్రం, ఏం లేదు బాబుగారూ, కాకికి ఆకలేసింది అంది. ఆయన ఇంకో ఇరవయ్యేళ్ళు బతికాడు.

అందుకే చెప్తున్నా, చేతకాకపోతే తలుపు తీసి చేతకాలేదని చెప్పండి. ఎవరూ కొట్టరు. కథేమో కంచి బండెక్కింది, మీరేమో కళ్ళు మూసుకోండి.